ఇంజనుకు చెవి వచ్చిన కథ

కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినకొద్దీ నిప్పు ప్రజ్వరిల్లుట మనమందరము చూచినదే. మోటారుకారు ఇంజనులోను ఇంతే. పెట్రోలు పూర్తిగా మండవలెనన్న దాని బరువునకు సుమారు 14.7 రెట్లు బరువుగల గాలి కావలెను. కనుక ఇంజను బలము పెంచుటకు పెట్రోలు ఎక్కువగా పోసిన చాలదు. అందుకు తగిన గాలిని కూడ సిలిండరులోనికి పంపవలెను.

ఈ గాలిని ఊదుటకు శక్తి ఎక్కడినుండి వచ్చును? స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905 లో ఒక చక్కని ఉపాయము చెప్పెను. ఇంజను విడుచు వేడివాయువులు వృథాగా పోవుచున్నవి. వానిచే ఒక చిన్న టర్బైను చక్రమును త్రిప్పించి, అదే ఇరుసు రెండవ కొననున్న చక్రముతో గాలిని ఒత్తి లోనికి పంపవచ్చును. ఇదియే టర్బోచార్జరు. 1918 లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ దీనిని పైక్స్ పీక్ శిఖరముపై, సుమారు 14,000 అడుగుల ఎత్తున, ఒక విమానపు ఇంజనుకు తగిలించి పరీక్షించెను. అచ్చటి పలుచని గాలిలో నీరసించిన ఇంజను తన నేలమీది బలమును తిరిగి పొందెను.

కాని ఒక చిక్కు కలదు. గాలిని ఒత్తిన వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగము వేడెక్కుట విద్యార్థులకు తెలిసినదే. సిలిండరులో స్పార్కు రగిల్చిన మంట అంచువరకు ప్రాకకముందే మిగిలిన మిశ్రమము ఒక్కపెట్టున తనంతట తానే అంటుకొనవచ్చును. అప్పుడు లోహముపై చిన్న సుత్తితో కొట్టినట్లు శబ్దము వినవచ్చును. దీనిని ‘నాకింగు’ అందురు. ఇది తీవ్రమైనచో పిస్టను పగులును, కరగును.

1962 లో అమెరికాలో వెలువడిన ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ కారులో నాకింగును ఆపుటకు నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవమును లోనికి చిమ్మి మిశ్రమమును చల్లబరచిరి. ఆ ద్రవము అయిపోయిన, గాలి పీడనము తగ్గిపోవు ఏర్పాటు కూడ ఉండెను. కాని ద్రవమును నింపుట పలువురు యజమానులు మరచిరి. 1963 తరువాత ఆ కారు నిలిచిపోయెను. అపాయమును గమనించు పని మనిషి జ్ఞాపకమునకు వదలిన ఫలితమిది.

అపాయమును ఇంజనే స్వయముగ వినగలిగిన? కొన్ని స్ఫటికములను నొక్కిన విద్యుత్తు పుట్టును. అట్టి స్ఫటికమును ఇంజనుకు బిగించిన, నాకింగు అదురును విద్యుత్ సంకేతముగ మార్చును. 1978 నమూనా బ్యూక్ టర్బో కార్లలో అదురును కనిపెట్టునట్టి ‘చెవి’ నాకింగు వినగానే స్పార్కును ఆలస్యము చేయించెను. 1982 నాటికి స్వీడను దేశపు సాబ్ సంస్థలో పెర్ గిల్‌బ్రాండ్ మున్నగువారు ఇదే చెవితో టర్బో పీడనమును తగ్గించు విధానమును రూపొందించిరి. పెట్రోలు నాణ్యము ఎట్లున్నను ఇంజను తన హద్దు తాను తెలిసికొనసాగెను.

క్రమముగా పెట్రోలు, స్పార్కు రెండును కంప్యూటరు చేతిలోనికి వచ్చెను. అది గాలి కొలమానము చెప్పిన అంకెను చూచి, తన పట్టికలను బట్టి ఆజ్ఞలిచ్చును. ఆ పట్టికలను మార్చుట బయటివారికి కష్టము. అందుచే వేగప్రియులు కొలమానమునకు, కంప్యూటరునకు నడుమ మరియొక చిన్న యంత్రమును అమర్చిరి. పిల్లలు ఉప్పుమూట ఆటలో ఒకరి వీపున ఒకరు ఎక్కినట్లు ఇది కంప్యూటరు వీపున ఎక్కును. కనుకనే పిగ్గీబ్యాక్ కంట్రోలరు అని పేరు. దీని పని, నిజమైన అంకెను కొంత మార్చి చెప్పుట.

ఒక ఉదాహరణము చూడుడు. టర్బో పీడనమును పెంచి, పెట్రోలు చాలుటకు పెద్ద ఇంజెక్టర్లు బిగించితిమి. ఇప్పుడు ప్రతి ఆజ్ఞకు పెట్రోలు ఎక్కువగా పడును. దానిని సరిచేయుటకు పిగ్గీబ్యాక్ 100 పాళ్ల గాలిని 80 పాళ్లని చెప్పును. పెట్రోలు సరిపోవును. కాని కంప్యూటరు అదే అంకెతో స్పార్కు వేళను కూడ నిర్ణయించును. గాలి తక్కువైన మంట మెల్లగా ప్రాకును. కనుక స్పార్కును ముందుగా వేయవలెనని అది తలచును. నిజమునకు లోపల గాలి దట్టముగా ఉన్నది. ముందుగా రగిలిన మంట పీడనమును మితిమీర పెంచి నాకింగునకు దారితీయును. ఒక అబద్ధము పెట్రోలును సరిచేసి, స్పార్కును చెరచినది!

అప్పుడు ఆదుకొనునది ఆ చెవియే. అది పిగ్గీబ్యాక్ చెప్పిన అంకెను నమ్మదు, ఇంజనునే వినును. అయితే అది స్పార్కును కొంతవరకే ఆలస్యము చేయగలదు. అందుచే నేర్పరియైనవాడు పీడనమును కొద్దికొద్దిగా పెంచుచు, గాలి పెట్రోలు నిష్పత్తిని విడిగా కొలుచుచు, నాకింగు జాడ కనబడగానే వెనుకకు తగ్గును. అంకెను మార్చుట సులభము. సిలిండరులోని గాలి మాత్రము ఆ అంకెకు లోబడి మారదు.