పోర్టు కార్నువాలిసు సిపాయిలు

అండమాను దీవులలో ఆంగ్లేయుల తొలి స్థావరము 1789లో చాతం దీవిపై వెలసినది. తీరము కొలిచి ఆ తావు నెన్నినవాడు ఆర్చిబాల్డు బ్లెయిరు. అచ్చట రోగబాధ అంతగా లేకుండెను. అయినను నౌకాధిపతి విలియం కార్నువాలిసునకు ఉత్తర అండమానులోని విశాలమైన రేవు నచ్చినది. గవర్నరు జనరలు ఆయన అన్నయే గదా! 1792లో స్థావరమును అచ్చటికి తరలించిరి.

ఓడలకు అనువైన ఆ రేవు మనుష్యులకు అచ్చిరాలేదు. ఎడతెగని వానలు, క్రుళ్ళిన అడవి, చుట్టును మడ నేల. తిండిగింజలు బంగాళమునుండి ఓడలపై రావలెను. 1795లో మైకేలు సైమ్సు వచ్చినపుడు అచ్చటి జనము సుమారు 700. వారిలో ఖైదీలకు కావలిగాను, స్థావరమునకు రక్షణగాను ఉన్న సిపాయిల దళ మొకటి. ఫ్రెంచివారితో యుద్ధము 1793లోనే మొదలైనది. సిపాయిలు సముద్రము వంక చూచుచు కాచుకొనియుండగా, జ్వరము వెనుకనున్న అడవినుండి వచ్చెను. చెడుగాలియే దానికి హేతువని నాటి వైద్యుల నమ్మకము. దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని రోనాల్డు రాసు సికింద్రాబాదులో చూచినది 1897లో!

1796లో స్థావరము నెత్తివేసిరి. 270 మంది ఖైదీలను పినాంగునకు పంపి, తక్కినవారిని బంగాళమునకు చేర్చిరి. 1858లో ఆంగ్లేయులు మరల వచ్చి బ్లెయిరు ఎన్నిన పాత తావుననే దిగి, దానికి ఆతని పేరు పెట్టిరి.