డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి

నిజామాబాదు నుంచి హైదరాబాదు వెళ్ళే దారిలో ఉన్న డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి 1915లో వెలిసింది. దీన్ని స్థాపించినవారు స్కాట్లండ్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్. ఇసబెల్ అబర్దీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున దంపతులిద్దరూ నైజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాదులో కుష్ఠురోగుల కోసం మొదట చిన్న ఆశ్రయం పెడితే, వచ్చేవాళ్ళు ఎక్కువై చోటు చాలలేదు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన విరాళంతో డిచ్‌పల్లిలో పెద్ద ఆసుపత్రి కట్టగలిగారు. పరాయి మతస్థుల సంస్థకు, అందరూ దూరంగా నెట్టిన రోగుల కోసం, ఆయన చేసిన దానం ఈ చరిత్రలో మరువరానిది.

కుష్ఠుకు కారణం ఒక సూక్ష్మక్రిమి అని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. అయినా శాపమనీ పూర్వజన్మ పాపమనీ నమ్మకం పోలేదు. బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి కుష్ఠురోగుల చట్టం బిచ్చమెత్తే రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచడానికి వీలు కల్పించింది. డిచ్‌పల్లి ఉన్నది నైజాం ఏలుబడిలో. ఎవరి పాలనలో ఉన్నా రోగికి ఊరు మాత్రం తలుపు మూసేది.

తిండీ నీడా ఇచ్చి చావు దాకా సాకడమే ఆనాటి ఆశ్రమాలు చాలావరకు చేసిన పని. 1920ల మొదట్లో ఆ తీరు మారింది. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మూయర్ అభివృద్ధి చేసిన నూనె ఇంజెక్షన్ల వైద్యాన్ని ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో అమలు చేశారు. ఆ నూనె అడవి చెట్టు గింజల నుంచి తీసేది. చిక్కగా ఉండటం వల్ల సూది బాగా నొప్పి పెట్టేది, నెలల తరబడి వేయించుకోవాలి. అందరికీ నయం కాలేదు. కానీ నయమవుతుందన్న ఆశతో రోగులు తమంతట తామే రావడం మొదలైంది. 1923లో ఇసబెల్‌కు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. ఆమె 1932లో మరణించారు. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తర్వాత నైజీరియాలో డాప్సోన్ మాత్రలతో చికిత్సను ముందుకు తీసుకెళ్ళారు.

రోగం తగ్గినా వైకల్యం మిగలడం ఈ వ్యాధిలోని అసలు కష్టం. క్రిమి నరాలను దెబ్బతీస్తుంది; చేతివేళ్ళు వంకర తిరుగుతాయి, పాదాలకు స్పర్శ పోతుంది. పొయ్యి మీది గిన్నె చేతిని కాల్చినా, కాలిలో ముల్లు దిగినా తెలియదు. పుండు పడి, చీము పట్టి, ఎముక అరిగి వేళ్ళు కురచవుతాయి. వేళ్ళు వాటంతటవే రాలిపోవని, తెలియకుండా తగిలే గాయాలే వాటిని తినేస్తాయని వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ పరిశీలనలు తేల్చాయి. కండర బంధనాలను మార్చి అమర్చే శస్త్రచికిత్సతో ఆయన వంకర వేళ్ళకు మళ్ళీ పట్టు తెప్పించారు. ఇక రోజువారీ రక్షణ రోగి చేతిలోనే ఉంది: పాదాలు నీళ్ళలో నానబెట్టి, గట్టిపడ్డ చర్మాన్ని మెల్లగా గీకి, తడి ఆరకముందే నూనె రాసి, మెత్తటి రబ్బరు అడుగున్న చెప్పులు వేసుకోవాలి. చూడటానికి చిన్న పని, కాలును కాపాడేది అదే.

బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల మొదట్లో సిఫారసు చేసింది. మందులు ఇంటి దగ్గరే వాడుకోవచ్చు గనుక చికిత్స కోసం ఆశ్రమంలో ఉండాల్సిన పని లేకుండా పోయింది. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల జనాభాకు ఒక కేసు కంటే తక్కువకు వ్యాధి దిగింది. అయినా జబ్బు నయమైన వృద్ధులను అయినవాళ్ళు తిరిగి చేర్చుకోని చోట ఆశ్రమమే వాళ్ళ ఇల్లయింది. మందు చేసిన పనిని సమాజం పూర్తి చేయలేదన్నమాట.

1898 చట్టం 2016లో రద్దయింది. అదే ఏడు వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, కుష్ఠు నయమైనవారిని వైకల్యం గలవారిగా గుర్తించింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో పార్లమెంటు వ్యక్తిగత చట్టాల నుంచి తొలగించింది.