గేదెనెవరు చూస్తారు?

తెల్లవారుజామున నాలుగున్నర. పాకలోకి కాస్త వంగి రండి, దూలం తలకి తగులుతుంది. ముందు కనిపించేది గేదె కాదు, దోమతెర. వాసాలకి తాళ్ళు కట్టి పెళ్ళిపందిరిలా కిందికి దించిన నైలాను తెర. కొల్లేటి పక్క ఊళ్ళలో ఇదేం వింత కాదు. చుట్టూ చేపల చెరువులు, కాలవలు, మురుగు కోడులు. దోమలు పీకితే గేదె రాత్రంతా తోక విసురుకుంటూ నిలబడే ఉంటుంది, పొద్దున్న పాలు తగ్గుతాయి. మేష్టారు తన మంచానికి తెర కట్టుకోవడమైనా మర్చిపోతారేమోగానీ దీనికి మర్చిపోరు.

"లే అమ్మా, లే" అంటూ తెర ఎత్తుతారు. గేదె ఒక చెవి కదుపుతుంది, అంతే. పెయ్యదూడకి మాత్రం ఆగేది లేదు. గుంజ చుట్టూ తిరిగి తిరిగి పలుపు బిగించుకుని అరుస్తోంది. విప్పీ విప్పగానే వెళ్ళి పొదుగులో తలతో కుమ్ముతుంది. నాలుగు పోట్లు పడ్డాక గేదె చేపుతుంది. చన్నులు బిగుస్తాయి, దూడ మూతి పక్క నురగ కారుతుంది. ఇక దాన్ని ఈడ్చుకొచ్చి తల్లి ముందు కట్టెయ్యాలి. ఆ పని మీది. గట్టిగా పట్టుకోండి, మీ కాలు తొక్కుతుంది.

మేష్టారు గొంతుక్కూర్చుని మోకాళ్ళ మధ్య తపేలా ఇరికించుకుంటారు. మొదటి ధార ఖాళీ అడుగున ఖణేల్మంటుంది. పాలు పెరిగేకొద్దీ ఆ చప్పుడు నురగలో మునిగిపోతుంది. మాట్లాడకూడదు. కొత్త గొంతు వినబడితే గేదె పాలు ఎగబెడుతుందట. ఒక చన్ను దూడకి వదిలేస్తారు. ఈ సంగతి పిన్నిగారి దగ్గర అనకండి, ఆవిడ లెక్క వేరు.

ఈయన ముప్పై ఏళ్ళపైనే లెక్కలు చెప్పారు. అరవైకి ఇంటికొచ్చేస్తానని గేదెని ముందుగానే కొనిపెట్టుకున్నారు. 2022లో ప్రభుత్వం పదవీ విరమణ వయసుని 62 చేసింది. ఆ రెండేళ్ళూ పిన్నిగారే పేడకళ్ళెత్తారు. "ఆయన రిటైరయ్యారు, నేనవ్వలేదు" అంటారావిడ, కుడితి తొట్టిలో తవుడు కలుపుతూ.

ఇప్పుడు స్కూటరెక్కండి. పాలక్యాను మీ కాళ్ళ మధ్య. గుండుగొలను సెంటరు దగ్గర హైవే రెండుగా చీలుతుంది. ఒక దారి తాడేపల్లిగూడెం, తణుకుల మీదుగా పోతే, రెండోది నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు. మంచులో ముందు లైట్లు కనిపిస్తాయి, తర్వాత వాసన తగులుతుంది. ఐసులో బొచ్చె, శీలావతి నింపుకుని బెంగాలుకీ అస్సాముకీ వెళ్ళే లారీలు. మేష్టారు కుడిపక్కా ఎడమపక్కా రెండేసిసార్లు చూసిగానీ రోడ్డు దాటరు.

పాలకేంద్రంలో కుర్రాడు ఆయన శిష్యుడే. మిషన్లో చిన్న గిన్నెడు పాలు పెడతాడు. "ఏడు పాయింటు రెండు, మేష్టారూ!" వెన్న శాతం. మేష్టారు ఆ చీటీని కళ్ళజోడు పైకెత్తి చదువుతారు, మడిచి జేబులో పెట్టుకుంటారు. పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద కూడా ఇంత శ్రద్ధగా సంతకం పెట్టి ఉండరు.

వచ్చేసరికి ఎండెక్కింది. ఊరి వెనక సార్వా కోతలైపోయిన చేలల్లో బాతుల మంద దిగింది, రాలిన గింజ ఏరుకుంటోంది. పైన గూడబాతులు రెక్క కదపకుండా దక్షిణంగా పోతున్నాయి. ఇది వాటికి పిల్లల్ని లేపే కాలం. కైకలూరు పక్క ఆటపాకలో చెట్లు చాలక, అటవీశాఖ నీళ్ళలో ఇనప స్టాండ్లు నిలబెడితే వాటి మీద కూడా గూళ్ళు పెడతాయి. మేష్టారి చూపు మాత్రం గడ్డిమేటు మీదే. మిషను కోసిన చేలో గడ్డి నలిగి ముక్కలైపోతుంది, మేటు నిలవదు. అందుకని మనుషులతో కోయించిన చేను వెతుక్కుని, ఎక్కువిచ్చి కొన్నారు.

వీధిలో చేపల బండి హారను మోగింది. మనకి వినబడేలోపే పిల్లి గోడ దూకింది. పిన్నిగారు చెరువు చేప కొనరు. కట్టిపరిగెలుంటేనే గిన్నె బయటికొస్తుంది. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో చెరువుల గట్లు పేల్చడం, మళ్ళీ గట్లు లేవడం అన్నీ ఆవిడ చూశారు. ఆ గొడవల మీద ఆవిడ అభిప్రాయమంతా చేప రుచిలోనే ఉంటుంది. అరుగు మీద కూర్చుని, బూడిద రాసి, ఒక్కొక్కటే తోమి గిన్నెలో వేస్తారు. తలకాయలు పిల్లికి. ఎవరిదీ కాని కుక్క మెట్టు కిందే ఆగుతుంది. దాని హద్దు దానికి తెలుసు.

పదింటికి హైదరాబాదు నుంచి అబ్బాయి ఫోను. "సంక్రాంతి అవగానే మీరిద్దరూ వచ్చెయ్యండి నాన్నా, రెండు నెలలుందురుగాని."

"రావాలనే ఉందిరా. గేదెనెవరు చూస్తారు?"

అవతల మాట ఆగిపోయింది. ఒంట్లో బాగాలేదంటే కారు పంపిస్తాడు. ఊరొదిలి రాలేమంటే నొచ్చుకుంటాడు. గేదె దగ్గర మాత్రం ఎవరికీ జవాబుండదు. నన్నడిగితే ఆ ఇంట్లో పాలకంటే ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ ఒక్క మాటే.

ఆ మధ్యాహ్నమే గేదెల బేరగాడు వచ్చాడు. దాని వెనక చేరి పొదుగు చూశాడు, దవడ పట్టుకుని పళ్ళు చూశాడు. "ఎంత చెప్పమంటారండీ?"

మేష్టారు చెప్పిన ధరకి వాడు తువ్వాలు భుజానేసుకుని లేచాడు. "ఆ రేటుకి రెండొస్తాయండీ బాబూ!"

"అయితే ఆ రెండే కొనుక్కో."

"పండగెళ్ళాక మళ్ళీ వస్తానండి" అని మోపెడ్ తన్నాడు. వాడు మలుపు తిరిగేదాకా ఆగి, పిన్నిగారు చేపల చేతులు కడుక్కుంటూ అన్నారు:

"ఈసారి ఇంకో పదివేలు వేసి చెప్పండి. వాడు కొంచెం ఆలోచించినట్టు కనబడ్డాడు."