విమాన ఇంజిన్‌లో గేరు ఎందుకు?

బెంగళూరు, చెన్నై, ముంబయిల నుంచి మనవాళ్లు ఎక్కే విమానాల్లో ఎయిర్‌బస్ ఏ320 నియో ఒకటి. వీటిలో కొన్నింటికి ప్రాట్ అండ్ విట్నీ వారి పీడబ్ల్యూ1100జీ ఇంజిన్లు ఉంటాయి. ఈ ఇంజిన్ల వల్ల విమానాలు ఆగిపోయినప్పుడు 'గేరు పాడైందట' అన్న మాట మనమూ విన్నాం. అసలు ఆ గేరు పనేమిటో తెలుసుకుందాం.

ఇంజిన్ ముందున్న పెద్ద ఫ్యాను గాలిని వెనక్కి తోస్తుంది. దాన్ని తిప్పేది వెనకున్న టర్బైన్. మామూలు ఇంజిన్‌లో రెండూ ఒకే ఇరుసు మీద, ఒకే వేగంతో తిరుగుతాయి. చిక్కు ఇక్కడే ఉంది. ఫ్యాను పెద్దదైతే రెక్కల కొసలు ధ్వని వేగాన్ని బాగా మించిపోయి మోత, నష్టం పెరుగుతాయి. అందుకే అది నెమ్మదిగా తిరగాలి. టర్బైన్ మాత్రం వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది.

రైస్ మిల్లులో మోటారుకు చిన్న పుల్లీ, యంత్రానికి పెద్ద పుల్లీ పెట్టి వేగం తగ్గిస్తారు కదా, ఇక్కడా అంతే. మధ్యలో ఒక పళ్లచక్రం, దాని చుట్టూ అయిదు చక్రాలు, వాటి బయట ఒక వలయం. టర్బైన్ సుమారు మూడు చుట్లు తిరిగితే ఫ్యాను ఒక చుట్టు తిరుగుతుంది, అదీ ఎదురు దిశలో. ఫలితంగా అల్పపీడన టర్బైన్‌కు మూడు వరుసల రెక్కలే సరిపోయాయి. గేరు లేని పోటీ ఇంజిన్ లీప్-1ఏలో ఏడు వరుసలున్నాయి. పాత తరం కన్నా ఇంధనం సుమారు 16 శాతం ఆదా అని తయారీదారు లెక్క.

కష్టమూ ఉంది. దాదాపు 30,000 హార్స్‌పవర్ ఆ గేరు గుండా పోతుంది. అందులో నూటికి ఒక వంతు వృథా అయినా 300 హార్స్‌పవర్ వేడిగా మారుతుంది. దాన్ని నూనె మోసుకుపోవాలి.

ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. చిన్న జెట్‌ల కోసం గ్యారెట్ వారి టీఎఫ్ఈ731 1970ల్లోనే గేరుతో వచ్చింది. పెద్ద విమానాల కోసం రోల్స్‌రాయిస్ తన అల్ట్రాఫ్యాన్‌ను 2023లో డెర్బీలో పరీక్షించింది.

మరి 2023లో ఏం జరిగింది? మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. ఇంజిన్లే కారణమని ఆ సంస్థ అంది, తయారీదారు ఒప్పుకోలేదు. జులైలో బయటపడిన లోపం వేరు: లోహపు పొడితో చేసిన అధికపీడన డిస్కుల్లో మలినాలు. తనిఖీల కోసం ఇండిగో విమానాలూ పదుల సంఖ్యలో నిలిచాయి. కాబట్టి ఆ లోపం డిస్కులది, గేరుది కాదు.