మామ, పిన్ని, ఒక మసక బొమ్మ

డ్యూటీ దిగి రూముకొచ్చాక ఫోన్‌లో ఇంటి ఫొటోలు చూసుకోవడం మనందరికీ అలవాటే. ఈ ఎపిసోడ్‌లో చెప్పుకున్న జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ కథ కూడా ఇంటి ఫొటోల దగ్గరే మొదలుపెడదాం.

రిక్టర్ 1932లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. 1961లో, బెర్లిన్ గోడ లేవడానికి కొన్ని నెలల ముందు, తూర్పు జర్మనీ వదిలి పశ్చిమానికి వచ్చేశాడు. 1965లో రెండు పాత ఫొటోలు చూసి రెండు బొమ్మలు వేశాడు. ఒకటి మేనమామ రూడిది. సైనికుడి యూనిఫాంలో నవ్వుతుంటాడు. ఆయన యుద్ధంలో పోయాడు. రెండోది పిన్ని మరియానెది. ఆమె దగ్గర ఉన్న నెలల పిల్లాడు రిక్టరే. పిన్నికి మానసిక జబ్బని చెప్పి నాజీలు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. 1945లో ఆసుపత్రిలోనే ఆమె ప్రాణం తీశారు.

ఒకే ఇల్లు. ఒకరు ఆ ప్రభుత్వం తరఫున పోరాడారు, ఒకరు దాని చేతిలో పోయారు. రంగు ఆరకముందే పొడి కుంచెతో లాగి, ఇద్దరినీ ఒకేలా మసక చేశాడు రిక్టర్.

ఆకారం లేని బొమ్మలూ చాలా వేశాడు. రంగు మీద రంగు పూసి, పొడవాటి బద్దతో లాగేవాడు. 1944లో బిర్కెనావు శిబిరంలో ఖైదీలు ప్రాణాలకు తెగించి దొంగచాటుగా తీసిన నాలుగు ఫొటోలున్నాయి. 2014లో వాటిని నాలుగు కాన్వాసుల మీద గీసి, పైన రంగు పూస్తూ, గీకుతూ పోయాడు. ఇప్పుడు ఫొటో కనపడదు. అడుగున ఉందని మాత్రం చూసేవాళ్లకి తెలుసు.

ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషి ఫొటో మన దగ్గరా ఒకటి ఉంటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు అమ్మని అడగండి, ఆయనెవరని.