ఆ డాక్టరు పేరు బషీర్

మీరు బ్రతకాలంటే మీ శత్రువు కత్తి మీ ఒంటిని తాకాలి. అప్పుడు ఏమి చేస్తారు? 1971 డిసెంబరులో ఒక భారత సైనికాధికారికి ఈ ప్రశ్న ఎదురైంది. ఆయన పేరు ఇయన్ కార్డోజో. అప్పటికి మేజరు. 1937లో బొంబాయిలో పుట్టినవాడు.

ఆయన పనిచేసినది ఐదవ గూర్ఖా రైఫిల్స్‌లో. కార్డోజో అనే పేరు గూర్ఖా జవానుల నోట తిరగలేదు. అందుచేత వారు ఆయనను “కార్తూస్ సాహెబ్” అని పిలుచుకున్నారు. కార్తూస్ అంటే తూటా. ఇంత తగిన ముద్దుపేరు కావాలని పెట్టినా దొరకదు!

బంగ్లాదేశ్ యుద్ధం మొదలయ్యే నాటికి ఆయన వెల్లింగ్టన్‌లోని స్టాఫ్ కాలేజీలో చదువుకుంటున్నాడు. తన బెటాలియన్‌లో రెండవ స్థానంలో ఉన్న అధికారి పోరాటంలో చనిపోగా, ఆ ఖాళీలోకి ఈయనను పంపించారు. డిసెంబరు 7న ఆ బెటాలియన్‌ను హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దించారు. మన సైన్యం హెలికాప్టర్ల మీద వెళ్లి యుద్ధం చేయడం అదే మొదటిసారి. దిగినవారు వందలలోనే, ఎదుట ఉన్నవారు వేలలో. అయితే ఒక గూర్ఖా బ్రిగేడే దిగిందని బి.బి.సి. రేడియో పొరపాటున వార్త చెప్పింది. బ్రిగేడ్ అంటే దాదాపు మూడు బెటాలియన్ల బలం. పాకిస్తాన్ సేనాధిపతులు ఆ వార్త నమ్మారు. మనవారు ఆ నమ్మకం చెదరకుండా, కొద్దిమందినే దూరదూరంగా పరచి ఎక్కువమందిలా కనిపించారు. రేడియోలో మాట్లాడే నాబోటివాడికి ఈ సంగతి చదివినప్పుడల్లా కొంచెం భయం వేస్తుంది. ఒక్క తప్పుమాట ఎంత దూరం పోతుందో చూడండి.

డిసెంబరు 16న ఢాకా లొంగిపోయింది. ఇక గండం గడిచిందని అందరూ అనుకునే సమయంలోనే, సరిహద్దు దళం వారికి సహాయంగా వెళ్తూ కార్డోజో ఒక మందుపాతర మీద కాలు వేశాడు. అది చూసిన స్థానికుడొకడు ఆయనను మోసుకొని బెటాలియన్ దగ్గరకు చేర్చాడు. కాలు నుజ్జయి వేలాడుతోంది. మార్ఫిన్ ఇవ్వమని డాక్టరును అడిగాడు, లేదు. కాలు కోసివేయమన్నాడు, కోయడానికి పనిముట్లు లేవు. అప్పుడు తన సహాయకుడైన గూర్ఖాను పిలిచి, కుక్రీతో నరికివేయమన్నాడు. నా వల్ల కాదు సాహెబ్ అన్నాడు అతడు. ఆ కుక్రీ తానే అందుకొని తన కాలు తానే నరుక్కున్నాడు. దానిని పూడ్చిపెట్టమని చెప్పాడు.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపివేస్తారు. నన్ను పట్టి నిలిపేది దీని తరువాతి సంగతి.

గాయానికి వెంటనే ఆపరేషన్ జరగాలి. కమాండింగ్ ఆఫీసరు వచ్చి, నీవు అదృష్టవంతుడవు, మనకు పట్టుబడిన పాకిస్తానీయులలో ఒక సర్జన్ ఉన్నాడు అని చెప్పాడు. కార్డోజో ససేమిరా అన్నాడు. పాకిస్తాన్ వాడి చేత కోయించుకోను, నన్ను ఇండియాకు పంపండి అన్నాడు. హెలికాప్టరు దొరకదన్నారు. ఆఖరుకు రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు: పాకిస్తాన్ రక్తం ఎక్కించకూడదు, ఆపరేషన్ జరుగుతున్నంతసేపు కమాండింగ్ ఆఫీసరు ప్రక్కనే నిలబడాలి. రెండవ షరతులో ఉన్న అనుమానం మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆయనను తప్పుపట్టలేము. కాలు తానే నరుక్కోగలిగిన ధైర్యశాలికి, నిన్నటి వరకు శత్రువైనవాడి ఎదుట కళ్లు మూసుకోవడం అంతకంటె కష్టమైంది.

ఆ సర్జన్ మేజరు మహమ్మద్ బషీర్. తాను బందీ. బల్ల మీద ఉన్నవాడు తనను ఓడించిన సైన్యంలోని అధికారి. తనను నమ్మడం లేదని ఎవరూ చెప్పనక్కరలేదు, కాపలాగా ప్రక్కన నిలబడిన మనిషే కనబడుతున్నాడు. అయినా ఆపరేషన్ చక్కగా చేశాడు. కార్డోజో బ్రతికాడు.

కొయ్యకాలు పెట్టుకున్నవాడు పదాతిదళానికి నాయకుడు కాలేడని పైవారు అన్నారు. ఆయన పరుగు పరీక్షకు పట్టుబట్టి, రెండు కాళ్లున్న అధికారులను వెనుక వదిలి పరుగెత్తాడు. సేనాధిపతి జనరల్ టి.ఎన్. రైనా ఆయనను లడఖ్‌కు రప్పించుకొని, కొండల మీద నడక స్వయంగా చూశాడు. ఆ రైనా రెండవ ప్రపంచ యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్నవాడే. అనుమతి వచ్చింది. బెటాలియన్‌కు, తరువాత బ్రిగేడ్‌కు నాయకత్వం వహించిన మొదటి వికలాంగ భారత అధికారి ఆయనే. 1993లో మేజర్ జనరల్‌గా పదవీ విరమణ చేశాడు. వికలాంగుల సేవలో పనిచేసే భారత పునరావాస మండలికి అధ్యక్షుడయ్యాడు. మారథాన్‌లలో కూడా పరుగెత్తాడు.

వృద్ధాప్యంలో ఆయనను ఎవరు కదిలించినా, కాలు నరుక్కున్న సంగతి పెద్ద విషయం కాదన్నట్టు తేల్చివేసేవాడు. బషీర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మాట నెమ్మదించేది. ఆ డాక్టరు చాలా మంచి పని చేశాడు, నేను ఆయనకు కృతజ్ఞత చెప్పుకోలేకపోయాను అనేవాడు.