దొంగ అనే ముద్ర ఎవరు వేశారు? జర్మనీ నుంచి మన చిత్తూరు దాకా

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి.

మేముండేది అన్ని కులాల పిల్లలూ కలిసుండే కాలేజీ హాస్టల్. మా రూములో నలుగురం. ఇద్దరం ఎరుకల, ఒకరు యానాది, ఒకరు సుగాలి. మొన్నీమధ్య హాస్టల్లో ఒకరి ఫోన్ పోయింది. అన్ని రూములూ ఉండగా ముందు వెతికింది మా రూమే. ట్రంకు పెట్టెలు తీసి బట్టలన్నీ కింద పోశారు. ఏమీ దొరకలేదు. మరుసటి రోజు ఆ ఫోన్ బాత్రూం గోడ మీద, పెట్టినోడు మరిచిపోయిన చోటే దొరికింది. మా బట్టలు మేమే మడిచి పెట్టుకున్నాం.

ఆ రాత్రి మేం వేసుకున్న ప్రశ్న ఒకటే. మమ్మల్ని చూడగానే వాళ్లకు దొంగతనం గుర్తొచ్చిందే, ఆ గుర్తు వాళ్ల తలలోకి యాడి నుంచి వచ్చింది? ఆ వారం మాకు క్లాసులో హిట్లర్ పాఠం నడుస్తా ఉంది. పాఠం చదివే కొద్దీ మా ప్రశ్నకు జవాబు దొరుకుతున్నట్టు అనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

మొదట జర్మనీ సంగతి.

1933 జనవరి 30న హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. మార్చికల్లా ప్రచారం కోసమే ఒక మంత్రిత్వ శాఖ పెట్టి గోబెల్స్ చేతికిచ్చాడు. అప్పటికి జర్మనీలో యూదులు సుమారు 5 లక్షల మంది. వందకు ఒకరు కూడా లేరు. చాలా ఊళ్లలో జనానికి యూదు పొరుగువాడే లేడు. అయినా మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయింది వాళ్ల వల్లే, ఉద్యోగాలు పోయింది వాళ్ల వల్లే అని రోజూ చెప్పారు. ఇంటింటికీ వినపడాలని చవక రేడియోలు తయారు చేయించారు. యూలియస్ స్ట్రైకర్ అనేవాడు నడిపిన 'డేర్ స్టూర్మర్' పత్రికను వీధుల్లో అద్దాల పెట్టెల్లో అంటించి, డబ్బులు లేనివాళ్లు కూడా నిలబడి చదివేట్టు చేశారు. యూదుల బొమ్మలు వికారంగా గీశారు. 1938లో అదే ప్రచురణ సంస్థ చిన్న పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం వేసింది. అందులో యూదుణ్ణి విషపు పుట్టగొడుగుతో పోల్చారు. చూడ్డానికి మంచిగానే ఉంటాడు, నమ్మొద్దు అని తల్లి బిడ్డకు నేర్పించే పాఠం అది. 1940లో యూదులను ఎలుకల గుంపుతో పోల్చే సినిమా తీశారు.

మాటలతో పాటే చట్టాలూ వచ్చాయి. 1935 సెప్టెంబరులో నురెంబర్గ్ చట్టాలతో యూదుల పౌరసత్వ హక్కులు తీసేశారు. 1938లో వాళ్ల పాస్‌పోర్టుల మీద ప్రత్యేక అక్షరం కొట్టారు. అదే ఏడు నవంబరు 9, 10 తేదీల్లో వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు, అంగళ్లు పగలగొట్టారు. 1941లో బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోమన్నారు. యుద్ధం ముగిసేసరికి ఐరోపాలో 60 లక్షల మంది యూదులను చంపేశారు.

ఈ వరస గమనించండి. ముందు మాట, తర్వాత చట్టం, తర్వాత గుర్తు, చివర చావు. మాట పని చేసి ఉండకపోతే మిగతావి అంత సులువుగా సాగేవి కాదు. ఇరుగు పొరుగు చూస్తూ ఊరుకున్నారంటే, వీళ్లకిది తగిన శాస్తే అని అప్పటికే చాలామంది నమ్మేసి ఉన్నారు. యుద్ధం తర్వాత నురెంబర్గ్ కోర్టు స్ట్రైకర్‌కు 1946లో ఉరిశిక్ష వేసింది. హత్యలకు జనాన్ని రెచ్చగొట్టే రాతలు రాసిందే వాడి మీద ముఖ్యమైన నేరం.

ఇప్పుడు మన సంగతి.

మా రూమ్మేటు అవ్వ చెప్పేది, వాళ్ల ముత్తాతలు నెల్లూరు సముద్రపు ఒడ్డు నుంచి గాడిదల మీద ఉప్పు మూటలు వేసుకుని పైకి వచ్చేవాళ్లంట. ఉప్పు అమ్మి ధాన్యం, చింతపండు తీసుకుని కిందికి పోయేవాళ్లు. ఎరుకల వాళ్లలో 'ఉప్పు ఎరుకల' అనే శాఖ ఉండేది అందుకే. ఊరూరికీ ఉప్పు, కరివేపాకు, బుట్టలు, చేటలు చేర్చిన వ్యాపారులు వాళ్లు. ఎద్దుల మీద సరుకు మోసిన సుగాలీలూ అట్లాంటి వాళ్లే.

మరి ఆ వ్యాపారం ఏమైంది? ఉప్పు మీద ఇంగ్లీషు సర్కారు గుత్తాధికారం పెట్టింది. మద్రాసు నుంచి రేణిగుంట మీదుగా రాయచూరు దాకా రైలు దారి 1871కి పూర్తయింది. సరుకు రైలెక్కింది, గాడిద మిగిలిపోయింది. 1876-78 కరువు సీమను తినేసింది. 1882 అటవీ చట్టంతో అడవిలో వెదురు నరికినా నేరమైంది. బతుకు తెరువు పోయి తిరుగుతున్న వాళ్లను చూసి, వీళ్లెందుకు తిరుగుతున్నారు అని సర్కారు అడగలేదు. తిరిగేవాడు దొంగే అని తేల్చేసింది.

1871లోనే నేరస్థ తెగల చట్టం తెచ్చారు. మొదట ఉత్తరాదిన అమలు చేశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా 1911లోనే. అంటే మన జిల్లాకూ ఈ చట్టానికీ ఒకటే వయసు.

చట్టం కంటే ముందు ఇక్కడ కూడా రాతలు వచ్చాయి. ముల్లాలీ అనే పోలీసు అధికారి 1892లో మద్రాసు రాష్ట్రంలోని 'నేరస్థ వర్గాల' మీద పుస్తకం వేశాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ముక్కులు, తలలు కొలిచి మనుషులను లెక్కగట్టిన మనిషి ఆయన. పోలీసులు చెప్పింది పుస్తకంలోకి ఎక్కింది. పుస్తకంలో ఉంది కాబట్టి నిజమన్నారు. నిజం కాబట్టి చట్టం కావాలన్నారు. దొంగతనం చేసిన ఒక మనిషి పోయి, పుట్టుకతోనే దొంగైన ఒక కులం తయారైంది.

ఈ చట్టం కింద తెగ పేరు ప్రకటిస్తే దాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. పేరు రాయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, పిలిచినప్పుడు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా సర్కారుకు ఇచ్చారు. సాల్వేషన్ ఆర్మీ చేతికి ఎరుకల కుటుంబాలను అప్పగించి బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టించారు. స్టువర్ట్ అనేది ఒక ఇంగ్లీషు అధికారి పేరు. మదురై వైపు పెరుంగామనల్లూరులో కళ్లర్లు వేలిముద్రలివ్వం అని ఎదురు తిరిగితే 1920 ఏప్రిల్ 3న కాల్చి చంపారు.

మా రూమ్మేటు అవ్వ వాళ్ల నాయన రాత్రిపూట టేషను అరుగు మీద పడుకునేవాడంట. ఇంట్లో పడుకునే హక్కు లేదు. ఆమె ఆ మాట మామూలుగా, వాన కురిసింది అన్నట్టు చెప్తుంది.

జర్మనీలో జరిగిందీ ఇక్కడ జరిగిందీ ఒకటే అని మేం అనడం లేదు. అక్కడ ఒక జాతినే తుడిచిపెట్టాలని చూశారు. ఆ చావులను మన వాదనకు వాడుకోవడం తప్పు. కానీ రెంటినీ కలిపే దారి ఒకటుంది. జర్మనీలో యూదులతో పాటు రోమా అనే సంచార జాతినీ చంపారు, కనీసం రెండు లక్షల మందికి పైనే. హిట్లర్ రాకముందే, 1926లో బవేరియా రాష్ట్రం వాళ్ల మీద ఒక చట్టం చేసింది. వాళ్లు తిరుగుబోతులు, పని దొంగలు అని అందులో రాశారు. మన మీద రాసిన మాటలే. నాజీలు పోయాక కూడా 1956లో జర్మనీ పెద్ద కోర్టు, 1943కు ముందు వాళ్ల మీద జరిగింది జాతి వివక్ష కాదు, నేరాల నివారణే అంది. నియంత చచ్చిపోయినా ముద్ర చావలేదు.

మన దగ్గరా అంతే. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. 1948లోనే మద్రాసులో 'అలవాటు పడ్డ నేరస్థుల' చట్టం వచ్చింది, 1962లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. స్టువర్టుపురం పేరు మీద 1991లో సినిమా వచ్చింది, అక్కడి దొంగ కథ 2023లో మళ్లీ వచ్చింది. ఆ ఊళ్లో చదువుకున్నోళ్ల మీద, ఉద్యోగం చేసేవాళ్ల మీద సినిమా ఎవరూ తీయలేదు కదా? 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్ష మీద తీర్పు ఇస్తూ, విముక్త జాతుల వాళ్లను పుట్టుకను బట్టి నేరస్థులుగా చూడకూడదని చెప్పింది. రద్దయిన 72 ఏళ్లకు కూడా చెప్పాల్సి వచ్చింది.

చివరగా, చెప్పడానికి మాకే సిగ్గుగా ఉన్న ఒక మాట.

2018 వేసవిలో 'పార్థీ గ్యాంగ్' దిగింది, పిల్లల్ని ఎత్తకపోతా ఉంది అని వాట్సాప్‌లో మెసేజీలు తిరిగాయి, గుర్తుందా? మేమప్పుడు స్కూలు పిల్లలం, సెలవులకు ఇళ్లలో ఉన్నాం. మా వీధిలో పెద్దోళ్లు కట్టెలు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాశారు. మేమూ నాయన ఫోన్లోంచి ఆ మెసేజీ నలుగురికి పంపాం. ఆ ఏడు జూలై 1న మహారాష్ట్రలో ధూళే జిల్లా రైన్‌పాడాలో అడుక్కోవడానికి వచ్చిన ఐదుగురు సంచార జాతి మనుషులను పిల్లల దొంగలని కొట్టి చంపేశారు. పార్థీలు ఎవరో మాకు కాలేజీకి వచ్చాకే తెలిసింది. మనలాగే నేరస్థ తెగల చట్టం కింద పేరు ఎక్కినోళ్లు. మన మీద వేసిన ముద్రనే మనం వాళ్ల మీద వేసి పంపించాం.

అందుకే ఈ పోస్టు. మా రూము వెతికినోళ్ల మీద కోపం ఇంకా ఉంది. అయితే ఆ మెసేజీ పంపిన చేతులు కూడా మావే. కులం పేరో, ఊరి పేరో పెట్టి వీళ్లు దొంగలు అనే మెసేజీ వస్తే అక్కడే ఆపండి. పంపినోణ్ణి అడగండి, ఎవరు చూశారని. ఇంట్లో అవ్వలు, తాతలు ఉంటే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. ఏ సరుకు మోశారో, ఏ దారిన పోయారో, ఏ టేషనులో సంతకం పెట్టారో. మన మీద వాళ్లు ఏడు సంపుటాలు రాశారు. మనం ఒక నోటు పుస్తకమైనా రాయాలి.